వెండి భయం

పెద్ద తెర మీద వెండి నాణెం గోడంత పెరిగి కనిపించేసరికి గదిలో ఉన్న ఐదుగురూ ఒకేసారి కళ్ళు చిట్లించారు. కిరీటం పెట్టుకున్న ముఖం, దాని చుట్టూ అక్షరాలు. ఒక్కో అక్షరం పక్కనే దాని నీడలాగా ఇంకో అక్షరం అంటుకుని ఉంది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చినవాడికి ఊరు ఎలా కనిపిస్తుందో ఆ నాణెం అలా కనిపిస్తోంది.

"ఇది నిన్న తీసిందేనా?" అన్నాడు యజమాని.

"నిన్నటిదే సార్. మూడుసార్లు తీశాను. అన్నింట్లోకీ ఇదే నయం," అంది ఫోటోలు తీసే ఆమె.

నయం అన్న మాట నోట్లోంచి వచ్చాక గాని అది ఎంత అన్యాయంగా ఉందో ఆమెకు తెలియలేదు. టైపు చేసే అమ్మాయి తల వంచుకుంది. ప్యాకింగు పెద్దమ్మ చేతిలోని దారపుండను అటూ ఇటూ తిప్పింది. మిగిలింది భూతద్దంగారు. నాణెం అసలుదో నకిలీదో తేల్చి చెప్పే పెద్దమనిషి ఆయన. మెడలో ఎప్పుడూ చిన్న భూతద్దం వేలాడుతుంటుంది కాబట్టి ఆఫీసంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. ఆయనకూ ఆ పేరంటే కొంత గర్వమే.

"ఇంకేముంది! మామగారికున్న వెండి భయం కోడలికీ అంటుకుంది," అన్నాడాయన.

టైపు అమ్మాయికి నవ్వాగలేదు. నవ్వి, నవ్వినందుకు దగ్గింది. కోడలు మాత్రం రెండు చేతులూ మెల్లగా బల్ల కిందికి దించుకుంది. చేతుల గురించి ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

ఆ సంస్థ పాత నాణేలను వేలం వేస్తుంది. కొనేవాళ్ళు ఎక్కడెక్కడో ఉంటారు. నాణేన్ని చేత్తో పట్టుకుని చూడరు, కేటలాగులో ఫోటో చూస్తారు. అక్షరం అంచు పదునుగా ఉంటే నాణెం అరగలేదని నమ్ముతారు, మెత్తగా ఉంటే అరిగిందని పేజీ తిప్పేస్తారు. ఈసారి వచ్చిన అరవై వెండి నాణేలూ నిగనిగలాడుతున్నాయి. ఫోటోల్లో మాత్రం ఎవరో గుడ్డ పెట్టి వందేళ్ళు తోమినట్టున్నాయి.

"శుక్రవారం పొద్దున్నకి అరవయ్యీ కావాలమ్మా," అన్నాడు యజమాని. "నీవల్ల కాకపోతే చెప్పు, దాపరికం వద్దు. బయటి స్టూడియోవాళ్ళని అడిగి ఉంచాను. అప్పుడిక ఫోటోల పనంతా వాళ్ళకే ఇచ్చేద్దాం. నిన్ను ప్యాకింగులో సర్దుతాను, ఉద్యోగానికేం భయం లేదు."

యజమాని చెడ్డవాడు కాడు. చెడ్డవాడు కాని మనిషికి ఎదురు చెప్పడం మరీ కష్టం. ఆమె తలూపి తన గదికి వెళ్ళిపోయింది.

*

ఆఫీసులో ఆమెను ఫోటోలమ్మ అంటారు. ఇంట్లో కోడలు. ఆమెకు కోడలన్న పేరే ముందు వచ్చింది, ఈ పని కూడా ఆ పేరుతోనే వచ్చింది. ఈ గదిలో ఇరవై రెండేళ్ళు నాణేలకు ఫోటోలు తీసినవాడు ఆమె మామగారు. ఆయన పక్కన నిలబడి నాణేలు అందిస్తూ, తుడుస్తూ, పేర్లు రాస్తూ ఆమె ఆరేళ్ళు పని నేర్చుకుంది. మూడేళ్ళ కిందట ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి, ఆ స్టూలు మీద ఈమెను కూర్చోబెట్టారు.

గది చిన్నది. కిటికీకి నల్ల కాగితం. గోడకు ఆనించిన బరువైన బల్ల, దాని మీద నిలువుగా ఇనుప కడ్డీ, ఆ కడ్డీకి కెమెరా బావిలోకి తొంగి చూస్తున్నట్టు కిందికి చూస్తూ బిగించి ఉంటుంది. కింద నల్ల మఖమలు గుడ్డ, గుడ్డ మీద పెన్సిల్ రబ్బరు ముక్క, రబ్బరు ముక్క మీద నాణెం. నాణెం అలా కాస్త ఎత్తులో ఉంటే వెనక గుడ్డ పోగులు ఫోటోలో పడవు. అది మామగారి ఉపాయం. కెమెరాను ముట్టుకోకుండా తీగ చివరి బొత్తాం నొక్కి తియ్యడం, కెమెరా లోపలి అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచి, అది కుదుటపడ్డాకే షట్టరు తెరవడం కూడా ఆయన నేర్పినవే.

ఆమె ఇంకో నాణెం పెట్టింది. పలుచని తొడుగులు వేసుకున్న వేళ్ళతో అంచులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, రబ్బరు మీద దించింది. ఫోకస్ చూసుకుంది. మూడడుగులు వెనక్కి జరిగి, చేతి అదురు తీగ వెంట కెమెరాకు పాకకుండా దాన్ని వదులుగా పట్టుకుని, బొత్తాం నొక్కింది. మళ్ళీ అదే. అక్షరం పక్కన అక్షరం.

పోయిన నెలదాకా ఈ బాధ లేదు. ఇదే కెమెరా, ఇదే బల్ల, ఇవే చేతులు. ఆమె కుడిచెయ్యి ముందుకు చాపి చూసుకుంది. చూస్తూ ఉంటే వేళ్ళ చివర్లు సన్నగా అదురుతున్నట్టే ఉన్నాయి. చూడనప్పుడు అదురుతున్నాయో లేదో తెలుసుకునే దారి లేదు కదా! వయసు నలభై నాలుగు. ఈ వయసుకే మొదలవుతుందా? మామగారికి అరవై మూడో ఏట మొదలైంది. మొదలైందని అందరూ అన్నారు.

అందరూ అనడమేమిటి, తనూ అంది. ఆ రోజు యజమాని ఆమెను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "దగ్గరుండి చూసేదానివి నువ్వే కదా. పెద్దాయన చెయ్యి వణుకుతోందా?" ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. వెండి నాణేల ఫోటోలన్నీ చెడిపోయి కళ్ళ ముందే ఉన్నాయి. ఒకసారెప్పుడో జ్వరంలో ఆయన చెయ్యి వణకడం చూసింది. "కొంచెం," అంది. ఒక్క మాట. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే ఆ రోజు ఆమెకు జారినట్టు కూడా అనిపించలేదు, నిజమే చెప్పాననుకుంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు ఎప్పటిలాగే మామగారికి టీ సగం గ్లాసే పోసి ఇచ్చింది. మిగతా సగం మళ్ళీ పోస్తుంది. నిండుగా ఇస్తే ఒలకబోసుకుంటాడని భయం. మూడేళ్ళ నుంచి ఇదే వరస. ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని గ్లాసు ఎత్తాడు. అలా పట్టుకోవడం ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. గడ్డం గీయడానికి ఇంటికే మనిషి వస్తాడు. గోడకు మేకు కొట్టాలన్నా ఆయన సుత్తి ఎత్తడు, కొడుకు డ్యూటీ దిగి వచ్చేదాకా ఎదురుచూస్తాడు.

"వెండి వచ్చిందటగా?" అన్నాడాయన ఉన్నట్టుండి. "అరవై కాసులట. ప్యాకింగు పెద్దమ్మ బజార్లో కనిపించి చెప్పింది."

"వచ్చింది మామయ్యా."

"మెరుపు పడకుండా చూస్కో. వెండి అద్దంలాంటిది, ఎదురుగా ఏదుంటే అది చూపిస్తుంది."

"భూతద్దంగారు కూడా అదే అన్నారు. దీపాలు దూరం జరిపి, చుట్టూ తెల్లకాగితం గొట్టంలా పెట్టమన్నారు. ఈ నెల్నించి అలాగే తీస్తున్నా."

"మంచి పని. వెలుగు మెత్తబడుతుంది." ఆయన ఇంకేదో అడగబోయి ఊరుకున్నాడు. ఆ పని గురించి మాట్లాడేటప్పుడు ఒక హద్దు దగ్గర ఆగిపోవడం ఆయనకు అలవాటైంది. కోడలు ఆయన మణికట్టు వైపు చూసింది. తర్వాత తన చెయ్యి చూసుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే రేపటి నుంచి తన గ్లాసూ సగమవుతుంది.

*

మరునాడు మధ్యాహ్నం అందరూ భోజనానికి కిందికి వెళ్ళాక ఆమె గది తలుపు వేసుకుంది. మొదట రోడ్డు మీద అనుమానపడింది. బరువు బళ్ళు వెళ్ళినప్పుడు బల్ల అదురుతుందేమోనని రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు తీసింది. లాభం లేదు. బల్ల కాళ్ళ కింద మందపాటి రబ్బరు పట్టీలు పెట్టింది. లాభం లేదు. గోడ గడియారం ఆపింది, ఫ్యాను ఆపింది. చెమటలు పట్టాయే తప్ప అక్షరం కుదుటపడలేదు.

ఇక మిగిలింది తన చెయ్యే. ఆ సంగతి తేల్చుకోవాలంటే భయమేసింది. తేలకపోతే అనుమానం మాత్రమే ఉంటుంది, తేలితే జబ్బు ఉంటుంది. చివరికి కెమెరాలో టైమరు పెట్టింది. బొత్తాం నొక్కాక పది సెకన్లకు కెమెరా తనంతట తనే తీసుకుంటుంది. నొక్కి, గదిలోంచి బయటికి వచ్చి, తలుపు దగ్గరికి లాగి, వరండా రెయిలింగు పట్టుకుని నిలబడింది. పది లెక్కపెట్టింది. నమ్మకం చాలక మరో ఇరవై లెక్కపెట్టి లోపలికి వెళ్ళింది.

తెర మీద అక్షరం పక్కన అక్షరం అలాగే ఉంది.

గదిలో ఎవరూ లేరు. చెయ్యి అన్నదే లేదు. అయినా నాణెం అదిరింది. ఆమె స్టూలు మీద కూలబడి తన రెండు అరచేతులూ మొహానికి ఆనించుకుంది. ఏడుపు వచ్చింది, ఆనందంతో వచ్చిన ఏడుపే. కాసేపు అలాగే కూర్చుని ముక్కు తుడుచుకుని లేచింది.

ఏం అదురుతోందో కంటితో చూడాలి. హ్యాండుబ్యాగులోంచి పౌడరు డబ్బా తీసి, దాని మూతలో ఉన్న చిన్న అద్దాన్ని ఊడదీసి, కెమెరా వీపు మీద టేపుతో అంటించింది. దీపం ఒకటి దానిమీదికి తిప్పింది. ఎదురుగోడ మీద బొట్టంత వెలుగుచుక్క పడింది. కెమెరా వెంట్రుకవాసి కదిలినా ఆ చుక్క బెత్తెడు కదలాలి. మళ్ళీ టైమరు పెట్టి ఈసారి గోడనే చూస్తూ నిలబడింది. లోపలి అద్దం లేచినప్పుడు చుక్క గట్టిగా ఊగి, నిదానంగా ఆగింది. ఇది ఆమెకు తెలిసిందే, అందుకే దాన్ని ముందే లేపి ఆగుతారు. ఆ తర్వాత షట్టరు తెరుచుకుంది. టక్. బొట్టంత చుక్క ఒక్క లిప్తపాటు చిక్కుడుగింజంత సాగి, వణికి, మళ్ళీ బొట్టయింది.

ఆమె నోట్లోంచి "అమ్మ దొంగా!" అన్న మాట వచ్చేసింది.

షట్టరంటే రెప్పపాటులో తెరుచుకునే చిన్న లోహపు తెర. అది విసురుగా తెరుచుకుంటే కెమెరానే అదురుతుంది. మామూలు ఫోటోల్లో ఆ అదురు ఎవరికీ కనబడదు. వేలిగోరంత నాణేన్ని గోడంత చేసేచోట అదీ గోడంత అవుతుంది. ఆమె ఒక నాణెం పెట్టి, వెలుగు మారుస్తూ, షట్టరు తెరిచి ఉండే సమయం మారుస్తూ వరసగా తీసింది. సెకనులో రెండువందలో వంతు: అక్షరాలు బాగున్నాయి. ముప్ఫయ్యో వంతు: మెత్తబడ్డాయి. పదో వంతు: రెండేసిగా చీలాయి. అర సెకను: కాస్త కుదురుకున్నాయి. మూడు సెకన్లు! ఆమె తెరకు ముక్కు ఆనించి మరీ చూసింది. మూడు సెకన్లు తెరిచి ఉంచిన ఫోటోలో అక్షరపు అంచు మీద ముద్ర కొట్టినప్పటి సన్నని గీత కూడా కనిపిస్తోంది.

ఎక్కువసేపు తీస్తే ఎక్కువ చెడాలని ఎవరైనా అనుకుంటారు. ఆమె కూడా అనుకుంది. కానీ తలుపు విసురుగా తీస్తే గోడకున్న పటం ఓ క్షణమే అదురుతుంది. ఆ క్షణంలోనే వచ్చి చూసిపోయినవాడికి అదిరే పటమే గుర్తుంటుంది. గదిలో కాసేపు కూర్చున్నవాడికి ఆ అదురు లెక్కలోకే రాదు. పటం ఊగేలోపే చూపు తిప్పేసుకున్నవాడికీ బాధ లేదు. మధ్యలో దొరికిపోయినవాడిదే ఖర్మ. తెల్లకాగితం చుట్టాక వెలుగు తగ్గి, తన ఫోటోలు సరిగ్గా ఆ మధ్యలోకి వచ్చిపడ్డాయి.

*

ఆమె దీపాలు ఇంకా తగ్గించేసింది. ఒక్కో నాణేనికి మూడు సెకన్లు. బుధవారం సాయంత్రానికి ముప్ఫై అయ్యాయి. భూతద్దంగారు గదిలోకి తొంగి చూసి, "చీకట్లో ఏం తీస్తావమ్మా, దొంగల్నా?" అని వెళ్ళాడు. ఆమె నవ్వింది. గొంతు విప్పి పాడాలనిపించేంత హాయిగా ఉంది.

ఆ హాయి గురువారం మధ్యాహ్నం దాకానే ఉంది.

అరవయ్యో నాణెం అయిపోయాక, పాత కేటలాగులో ఇలాంటి వెండినే మామగారు ఎలా తీశారో పక్కన పెట్టి చూద్దామనిపించింది. గర్వమే అనుకోండి. కంప్యూటర్లో మూడేళ్ళ కిందటి ఫోల్డరు తెరిచింది. ఈ కెమెరా కొన్నాక ఆయన తీసిన చివరి ఆరు నెలల ఫోటోలు అందులో ఉన్నాయి. ప్రతి ఫోటోతో పాటు అది ఎంతసేపట్లో తీసిందీ ఫైల్లోనే రాసి ఉంటుంది, ఎవరూ చూడరు గాని. ఆమె చూసింది.

చెడిపోయిన మొదటి వెండి నాణెం: ఎనిమిదో వంతు. రెండోది: పదో వంతు. ఎనిమిది, ఎనిమిది, పది, పన్నెండు.

ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. అప్పట్లో ఈ గదిలో తెల్ల దీపాలు లేవు, పాత పసుపు బల్బులుండేవి. వాటి వెలుగులో ఈ కెమెరాకు అంత సమయం పట్టేది. అంతకు ముందున్న పాత కెమెరాకు ఇంకా ఎక్కువ పట్టేది, ఐదారు సెకన్లు. అందుకే ఇరవై ఏళ్ళు ఆయన ఫోటోలు అద్దంలా వచ్చాయి. కొత్త కెమెరా వచ్చింది, ఆయన ఫోటోలు చెడ్డాయి. ఖరీదైన కొత్త వస్తువును ఎవరు అనుమానిస్తారు? "కెమెరా ఒకసారి ఎవరికైనా చూపిద్దామా?" అని ఆయన ఒకసారి అన్నాడు కూడా. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాడు భూతద్దంగారు. అందరూ నవ్వారు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన వెళ్ళిన వారానికే యజమాని కొత్త తెల్ల దీపాలు కొన్నాడు. ఆమె కూర్చుంది, రెండువందలో వంతులో తీసింది, ఫోటోలు పదునుగా వచ్చాయి. చెయ్యి మారింది కాబట్టి ఫోటో మారిందన్నారు. దీపాలు కూడా మారాయని ఒక్కరికీ తట్టలేదు, ఆమెతో సహా. మెచ్చుకుంటున్నప్పుడు ఎవరికి తడుతుంది!

ఆమె నెమ్మదిగా కిందికి జరిగింది. అవే తేదీల్లో తీసిన రాగి నాణేలు వచ్చాయి. నల్లబడిన పాత రాగి. చీకటి రంగు కాబట్టి వాటికి సెకను పైనే పట్టింది. అన్నీ పదునుగా, ఒక్కొక్క అక్షరం చెక్కినట్టుగా ఉన్నాయి. అదే చెయ్యి, అదే రోజు, గంట తేడా. రాగి బాగుంది, వెండి పోయింది. ఆఫీసులో ఆ తేడా అందరూ గమనించారు. గమనించి ఏమన్నారు? ముసలాయన రాగి బాగానే తీస్తాడు, వెండి ముట్టుకునేసరికి ఖరీదు తలుచుకుని వణికిపోతాడన్నారు. వెండి భయమని పేరు పెట్టారు. సాక్ష్యం కళ్ళ ముందే ఉంటే దాన్ని హాస్యం చేసుకుని నవ్వుకున్నారు.

తనను బయటపడేసిన విషయమే తనను పట్టి ఇస్తోంది. ఇదంతా ఎవరికీ చెప్పకపోయినా ఏమీ కాదు. అరవై ఫోటోలు ఉన్నాయి, ఉద్యోగం ఉంది. దీపాలు సరిచేశానంటే సరిపోతుంది.

*

"మామయ్యా, మీ చెయ్యి కాదు," అంది ఇంటికి వెళ్ళగానే, చెప్పులు కూడా విప్పకుండా.

ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "ఏం కాదు?" అన్నాడు.

ఆమె అంతా చెప్పింది. ఖాళీ గది, పౌడరు డబ్బా అద్దం, వెలుగుచుక్క, ఎనిమిదో వంతు, రాగి, వెండి. చెబుతుంటే మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అత్తగారు చేతిలో గరిటెతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెకు షట్టరు సంగతి అర్థం కాలేదు, మొగుడి చెయ్యి సంగతి మాత్రం అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన పనివాడు అడిగేదే అడిగాడు. "అద్దం లేపాక ఎంతసేపు ఆగావు?"

"రెండు సెకన్లు. మీరు చెప్పినంతే."

"అయినా అదిరిందా?"

"అదిరింది. అది అద్దం కాదు మామయ్యా, షట్టరు తెరే."

"షట్టరా!" అన్నాడు. "నేను అద్దాన్నే అనుమానించా. రెండు సెకన్లు చాలవేమోనని ఐదు ఆగి చూశా. అయినా పోయింది. ఇక నేనే అనుకున్నా." తన కుడిచేతిని తిప్పి అటూ ఇటూ చూసుకున్నాడు. "మూడేళ్ళు! సూదిలో దారం ఎక్కించమని మీ అత్తయ్య అడిగితే కళ్ళు కనపడట్లేదని అబద్ధం చెప్పానే!" ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

'కొంచెం' అన్న మాట గురించి చెప్పాల్సిన క్షణం అదే. ఆమె నోరు తెరిచింది కూడా. "చెప్పులు విప్పి రామ్మా ముందు," అంది అత్తగారు. ఆమె చెప్పులు విప్పుకోవడానికి వంగింది. లేచేసరికి ధైర్యం పోయింది.

"రేపు నేనూ వస్తా," అన్నాడాయన. "ఆ చుక్క నేనూ చూడాలి."

*

శుక్రవారం పొద్దున్న యజమాని అరవై ఫోటోలూ తెర మీద చూశాడు. మొహం వికసించింది. పక్కనే మామగారు నిలబడి ఉండటం చూసి, "రండి రండి, ఎన్నాళ్ళకి!" అన్నాడు. ఆమె ఇద్దరినీ తన గదిలోకి తీసుకెళ్ళి చుక్క చూపించింది. పాత ఫైళ్ళు చూపించింది. యజమాని రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నాడు. మామగారు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని గోడనే చూస్తూ, "ఇంకోసారి నొక్కు," "ఇంకోసారి," అంటూ ఐదుసార్లు నొక్కించాడు.

"ఏమనుకోకండి," అన్నాడు యజమాని ఆయన భుజం మీద చెయ్యి వేసి. "పొరపాటైపోయింది. మనసులో పెట్టుకోకండి."

మామగారు ఆ చెయ్యి తీసెయ్యలేదు. "ఆ రోజు మీరు నా చెయ్యి మాట నలుగురి ముందూ అన్నారు బాబూ. చెయ్యి నిలవడం లేదు, ఇంట్లో విశ్రాంతి తీసుకోండన్నారు. ఈ రోజు కూడా ఆ నలుగుర్నీ పిలవండి," అన్నాడు.

గొంతు పెంచలేదు. యజమాని తలుపు దగ్గరికి వెళ్ళి పిలిచాడు. భూతద్దంగారు వచ్చాడు, టైపు అమ్మాయి వచ్చింది, ప్యాకింగు పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇరుకు గదిలో ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు. ఆమె బొత్తాం నొక్కింది. ఎవరి చెయ్యీ తగలని కెమెరా అదిరి, గోడ మీద చుక్క వణికింది. పక్కన రాగి, వెండి ఫోటోలు. భూతద్దంగారు ముందుకు వంగి రెంటినీ ఒకటికి రెండుసార్లు చూశాడు. ఆయన నాణేలను చూసి బతికే మనిషి, చూసిందాన్ని కాదనలేడు. మెడలోని భూతద్దం తీసి జేబులో వేసుకుని, "వెండి భయమన్నది నేనే. తప్పు," అన్నాడు.

"మొత్తానికి పెద్దాయన చెయ్యి కాదు, కెమెరా," అన్నాడు యజమాని అందరికీ వినబడేలా. "అప్పుడు అందరం అలా అనుకున్నాం. ఏం చేస్తాం!"

అందరం. ఆ మాటలో ఆమెకు కూడా చోటుంది. అందులో నిలబడిపోతే ఎవరికీ తెలియదు.

"అందరూ కాదు సార్," అంది ఆమె. "మీరు వరండాలోకి పిలిచి నన్నడిగారు. మామయ్య చెయ్యి వణుకుతోందా అని. కొంచెం అన్నాను. నేను కాదని ఉంటే మీరు ఆయన్ని పంపించేవాళ్ళు కాదు."

టైపు అమ్మాయి నేల చూసింది. ఆమె మామగారి వైపు చూడలేకపోయింది. చూడకుండా ఉండటమూ తప్పేననిపించి, తలెత్తి చూసింది. ఆయన మొహం ఎర్రబడి ఉంది. దవడ కదులుతోంది. ఇప్పుడు అంటాడు, అనాలి కూడా, అనుకుంది.

"మర్నాడు నన్ను కూడా అడిగారమ్మా," అన్నాడాయన. "ఇదే గదిలో. మీకేమనిపిస్తోందండీ, నిజం చెప్పండి, చెయ్యి వణుకుతోందా అని. నేనూ అదే అన్నాను. కొంచెం అని."

యజమాని కళ్ళు దించుకున్నాడు.

"మనుషుల్ని అందర్నీ అడిగారు," అన్నాడు మామగారు. "కెమెరానే ఎవరూ అడగలేదు."

ఆ మాట అని ఆయన కెమెరా ముందున్న తన పాత స్టూలు లాక్కుని, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాడు. కోడలు వేళ్ళ తొడుగులు తీసి ఆయనకు అందించింది.